చెంబెడు నీళ్లు

ఏడింటికి మున్నా ఆటో తీసుకుని వస్తానన్నాడు. ఇప్పుడు ఆరు. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాను, చేతిలో రాగి చెంబు, చెంబు నిండా నీళ్లు, ఎదురుగా నూనె డబ్బాలో మారేడు మొక్క. కింద గేదెల కొట్టంలోంచి సుశీలమ్మ గొంతు వస్తోంది. "లెవ్వు. తానం జెయ్యి. బండొచ్చే యాళ్లయింది." ఆమె భర్త బుచ్చయ్య జవాబు వినపడదు. ఆయన మాట్లాడటం లేదు, పాల క్యాను బోర్లించి దాని మీద కూర్చుని ఉంటాడు, ఇరవై రెండేళ్లుగా ఈ ఇంటి పై వాటాలో అద్దెకుంటున్నాను, ఏ చప్పుడు ఎవరిదో, ఏ చప్పుడూ రాకపోతే ఎవరెక్కడ కూర్చున్నారో కూడా తెలుసు నాకు. ఇవాళ ఆయన దవాఖానలో చేరాలి. ఎల్లుండి ఛాతీ తెరిచి గుండెకు ఆపరేషన్ చేస్తారు. ఆయన రానంటున్నాడు. ఈ మారేడు ఆకు రాల్చలేదు కాబట్టి తనకేమీ కాదని, కత్తి అక్కర్లేదని అంటున్నాడు. ఈ మొక్క ఎందుకు ఆకు రాల్చలేదో నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు. మా ఆయనకు కూడా చెప్పలేదు.

చెంబు సుశీలమ్మదే. శివరాత్రి నాడు మొక్కతో పాటు ఇచ్చింది. అంతకు రెండు రోజుల ముందు బుచ్చయ్య పాలు పితుకుతూ పక్కకు ఒరిగిపోయాడు, గేదె కూడా కదలకుండా నిలబడిందట, తాడు ఆయన చేతిలోనే ఉందట. పెద్ద దవాఖానలో పెట్టుకుని, నాళాలు మూసుకుపోయాయి, ముందు షుగరు తగ్గాలి, తర్వాత కొయ్యాలి అన్నారు. సుశీలమ్మ ఆ రోజు తలంటుకుని తడి జుట్టుతో ఈ మెట్లెక్కి వచ్చింది, నూనె డబ్బాను చంటిపిల్లనెత్తుకున్నట్టు నడుం మీద పెట్టుకుని. మూడేళ్ల కిందట గుడిలో ఇచ్చిన మారేడు పండు గింజ నాటి పెంచిన మొక్క అది, నా మోకాలి పైకి వచ్చింది. "మండలం మొక్కిన మైథిలమ్మా. నలభై ఒక్క దినాలు పొద్దుగాల చెంబెడు నీళ్లు. ఆకిరి నాడు శివాలయంల పెడ్త అన్న. నేనేమో దవాఖానల ఉంట. కింద ఉంచితే బర్రెలు పుల్ల గూడ మిగలనియ్యవు. నీ చేతులల్ల పెడుతున్న. నువ్వు చెట్లు తెలిసినదానివి." అని డబ్బాను ట్యాంకు నీడ పడని చోట చూసి పెట్టి, చెంబు నా చేతికిచ్చి, మొక్కకు దండం పెట్టి, ఆ తర్వాత నాకూ పెట్టబోతే చేతులు పట్టుకున్నాను.

చెట్లు తెలిసినదానివి. నాకు చెట్లు తెలియడమేమిటి. తెనాలి నుంచి పెళ్లయి వచ్చినప్పుడు కరివేపాకు చెట్టుకు కాస్తుందనేంత వరకే తెలుసు. మా ఆయన పరబ్రహ్మం నయాపూల్ అవతల కోర్టు ఆఫీసులో గుమస్తా, నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు కావాలన్నాడు, అట్లా హుస్సేనీ ఆలం గల్లీలో, గేదెల వాసన మీదుగా మెట్లెక్కే ఈ వాటాలో దిగాం. మొదటి నెలలోనే నాకు మూడో నెల గర్భం పోయింది. మా అమ్మ రావడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ సుశీలమ్మ నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది, అప్పటికి నా పేరు కూడా సరిగ్గా పలకడం రాదు ఆమెకు. లేచి తిరుగుతున్నప్పుడు పగిలిన బకెట్లో పేడ ఎరువూ మట్టీ కలిపి మల్లె అంటు గుచ్చి తెచ్చి వసారాలో పెట్టింది. ఏమీ చెప్పలేదు, ఇది చూసి అది మర్చిపో అనలేదు. "దినాం వేలు పెట్టి సూడు," అన్నది అంతే. "పైన తడి ఉంటది, అది మోసం. రెండో కణుపు దాకా ఏలు గుచ్చాలె, లోపల పొడిగుంటెనే పొయ్యాలె." ఇంకోసారి గులాబి ఎండిపోయిందని పీకబోతుంటే చెయ్యి మీద కొట్టి, బొటనవేలి గోరుతో కొమ్మ మీద గీకి చూపించింది, బెరడు కింద సన్నటి పచ్చ గీత. "పానం ఉన్నది. సచ్చిందనే ముందు గీకి సూడాలె." ఇవన్నీ నేను రాశాను. పత్రికలో వారం వారం రాశాను. 'మా డాబా తోట' శీర్షిక మొదలుపెట్టి నాలుగేళ్లయింది, రెండో కణుపు దాకా వేలు గుచ్చమని, గోరుతో గీకి చూడమని, ఎంతమంది ఉత్తరాలు రాశారో. సుశీలమ్మ చెప్పిందని ఎప్పుడైనా రాశానా. 'మా పెద్దవాళ్లు అనేవారు' అని రాశాను. ఎందుకట్లా రాశానో, పాలు పోసే ఆమె చెప్పిందంటే చదివేవాళ్లు తేలిగ్గా తీసుకుంటారనా, నేను తేలిగ్గా తీసుకున్నాననా.

నీళ్లు చెంబు అంచు దాకా ఉన్నాయి, చెయ్యి కదిలితే ఒలికి చీర కుచ్చిళ్ల మీద పడుతున్నాయి. పొయ్యాలి. వాళ్లు దవాఖాన నుంచి తిరిగొచ్చిన ఈ పంతొమ్మిది రోజులూ ఈ పాటికి పోసేసేదాన్ని. ఇవాళ చెయ్యి లేవడం లేదు.

మొదటి మూడు రోజులూ కూడా పోశాను, అది నిజం. నాలుగో రోజు నేను రాస్తున్న సీరియల్ ఆఖరి భాగాలు అడుగుతూ రచన ఫోన్ చేసింది, పత్రికలో మా శీర్షికలు చూసే అమ్మాయి, మాట మెత్తగానే ఉంటుంది, గడువు మాత్రం జరగదు. కూర్చుంటే లేవలేదు. ఐదో రోజు జ్ఞాపకం వచ్చింది, కుక్కర్ పెడుతూ. మోకాళ్లు నొప్పి, పదహారు మెట్లు, రేపు పోద్దాం అనుకున్నాను. ఆరో రోజు సాయంత్రం ఆరింటికి సుశీలమ్మ ఫోన్. రోజూ అదే వేళకు చేసేది, దవాఖాన వరండాలోంచి, వెనకాల స్ట్రెచర్ చక్రాల చప్పుడు. "పోశినవా మైథిలమ్మా?" "పోశాను." ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆ తర్వాత రోజూ వచ్చింది. "పోశినవా?" "పోశాను సుశీలమ్మా, నువ్వు దాని గురించి బెంగపెట్టుకోకు." ఆ పక్కన బుచ్చయ్యకు చెప్పేది, "పోశిందట." ఆయన ఊఁ అనేవాడు. ఆ ఊఁ కోసమే ఆమె ఫోన్ చేసేదని ఇప్పుడు అనిపిస్తోంది. పని ఒత్తిడి అనుకుంటే సరిపోయేది, ఎవరైనా నమ్ముతారు, నేనే నమ్మాలనుకున్నాను. కానీ ఆ రోజుల్లో వసారాలో నా గులాబీలకు, మల్లెకు ప్రతి ఉదయం నీళ్లు పోశాను. ఒక్కరోజు తప్పలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని ఎండుటాకులు తుంపుతూ పోశాను. డాబా మెట్లు అక్కడి నుంచే పైకి వెళతాయి. మర్చిపోలేదన్నమాట. లోపల ఎక్కడో నవ్వుకున్నాను. చెట్టుకు నీళ్లు పోస్తే మనిషి గుండె బాగుపడుతుందా అని నవ్వుకున్నాను, పైకి మాత్రం ఆమె చేతులు పట్టుకుని సరే సరే అన్నాను. శివరాత్రికి ఉపవాసం ఉంటాను, సోమవారం ఉల్లిపాయ తినను, నా దేవుడు వేరు, వాళ్ల దేవుడు వేరు అన్నట్టు. నా నవ్వు ఎవరూ చూడలేదు గాని, చూస్తే ఈ మెట్ల మీద తడి జుట్టుతో నిలబడిన మనిషి ముఖం ఎట్లా అయ్యేదో.

కింద లావణ్య వచ్చినట్టుంది. పురానాపూల్ దగ్గర అత్తగారిల్లు, తండ్రి పడిపోయినప్పటి నుంచి తెల్లారకముందే వచ్చి గేదెలు చూసుకుంటోంది. "బాపూ, లొల్లి జెయ్యకు. డాక్టర్ సాబు ఇంకో తారీకు ఇయ్యడు." ఇప్పుడు బుచ్చయ్య గొంతు, చాలా నిదానంగా, "నాకేం గాలే బిడ్డా. నాకేమన్న అయితే ఆకు రాలకపోవునా?" ఆ మాట మెట్లెక్కి వచ్చి నా ఒళ్లో కూర్చుంది.

పదో రోజు సీరియల్ అయిపోయింది. తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుందామని డాబా మీదకు వచ్చాను, మొక్క కోసం కాదు. డబ్బా చుట్టూ నేల మీద ఆకులు, మూడేసి ఆకులు అట్లాగే అతుక్కుని, పసుపు పచ్చగా. మొక్క మీద ఒక్క ఆకు లేదు. ముళ్లున్న పుల్ల. మట్టి పగుళ్లిచ్చి డబ్బా అంచు వదిలేసింది. భయం వేసింది, ఆ భయం బుచ్చయ్య కోసమైతే బాగుండేది. సుశీలమ్మ ఏమంటుందో, లావణ్య గల్లీలో ఏం చెబుతుందో, తోటల గురించి రాసే ఆమె ఒక్క మొక్కను చూసుకోలేకపోయిందట అని. అందుకోసం భయపడ్డాను. గోరుతో గీకి చూడటం తోచలేదు. నేనే రాసిన మాట, ఎన్నిసార్లు రాశానో, నా గోరు నా దగ్గరే ఉంది, తోచలేదు. చెంబుతో నీళ్లు పోసి ఒక్క పది రోజులు చూద్దామన్నది కూడా తోచలేదు. ఓపిక గురించి నాలుగేళ్లుగా జనానికి చెబుతున్నదాన్ని, ఒక్క పూట ఆగలేకపోయాను. మధ్యాహ్నం ఆటో ఎక్కి పురానాపూల్ దాటి రోడ్డు పక్క నర్సరీకి వెళ్లాను. ఆకుపచ్చ వల కింద వరసగా మొక్కలు, పైపుతో నీళ్లు కొడుతున్నారు. మోకాలి పైకి వచ్చే మారేడు కావాలన్నాను, కొలిచి చూపించాను. "మందిర్‌కా అమ్మా?" అన్నాడు అతను. అవును, గుడికేనన్నాను. దాన్ని చీర కొంగు కప్పి ఇంటికి తెచ్చి, పాత మొక్కను డబ్బాలోంచి లాగుతుంటే ముల్లు అరచేతిలో దిగింది. పీకేసిన దాన్ని మట్టి ముద్దతో సహా ట్యాంకు వెనక పగిలిన బకెట్లో కుక్కాను. పారేసి ఉండొచ్చు. చెత్త బండి రోజూ వస్తుంది. సుశీలమ్మ మూడేళ్లు పెంచినదాన్ని చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదు, అదేదో నా మంచితనమన్నట్టు అప్పుడు కళ్లు కూడా తుడుచుకున్నాను. సాయంత్రం ఆరింటికి ఫోన్. "పోశినవా?" "పోశాను." ఆ రోజు నిజంగానే పోశాను, కొత్త దానికి. అరచేయి మండుతుంటే ఫోను రెండో చేతిలోకి మార్చుకున్నాను.

ఇరవయ్యో రోజు వాళ్లు ఇంటికి వచ్చారు. షుగరు దారికొచ్చింది, ఫలానా రోజున వచ్చి చేరండి, ఆపరేషన్ అయితేనే మనిషి నిలుస్తాడు అని పంపించారట. సుశీలమ్మ చెప్పులైనా విప్పకుండా నేరుగా పైకి వచ్చింది. నేను వెనకే వచ్చాను, వంటగదిలో పోపు మాడుతున్నా. ఆమె మొక్క ముందు అట్లా నిలబడిపోయింది. "ఆకు రాలలే," అన్నది. "గుళ్లె మారేడు సుత బోడయింది మైథిలమ్మా, వచ్చేటప్పుడు సూశిన. గీ దినాలల్ల ఏ మారేడన్నా ఆకు రాలుస్తది, ఉగాది ఎల్లినంక సిగురేస్తది. నా చెట్టు ఒక్క ఆకు రాల్చలే." నర్సరీ వల కింద పూటపూటా నీళ్లు తాగిన మొక్క అది, అందుకే అట్లా పచ్చగా ఉంది. అప్పుడు తెలిసింది నాకు. పాతది చావలేదు. చెట్లు చేసే పని చేసింది అంతే. నేను నీళ్లు పోసినా రాల్చేదేమో. సుశీలమ్మ కాండాన్ని కింది నుంచి పైదాకా తడిమింది. "ముండ్లు తక్కువున్నట్టు కొడుతుంది. జర పొట్టిగ గూడ కొడుతుంది." ఆమె కళ్లు నలుపుకుంది. "ఇరవై దినాలు దవాఖాన గోడలు సూశి సూశి నా కండ్లు ఖరాబైనయ్." చెప్పడానికి అంతకంటే మంచి వేళ రాదు, అదే వేళ, నోరు తెరిస్తే అయిపోయేది, ఓసి పిచ్చిదానా అని నవ్వేది కూడా. నేను, "అలిసిపోయావు సుశీలమ్మా, కాఫీ ఇస్తాను రా," అన్నాను. ఆమె కళ్లే చెడ్డవని ఆమెతోనే ఒప్పించాను. ఆ తర్వాతైనా ట్యాంకు వెనక్కి వెళ్లి చూడలేదు. చచ్చిపోయి ఉంటే ఒక పాపం, బతికి ఉంటే ఇంకో పాపం. ఏదో ఒకటి తెలియడం కంటే తెలియకపోవడమే నయమనిపించింది. బట్టలు ఆరేసే తాడు కూడా ఇటు పక్కకు మార్పించాను.

అక్కడితో ఆగినా సరిపోయేది. గల్లీలో ఆడవాళ్లు వచ్చి చూసి, పసుపు కుంకుమ పెట్టి వెళ్లారు, పోనీ. ఉగాది సంచికకు వసంతం మీద ఏదైనా రాయమన్నది రచన, "మీ తోట, మీ నమ్మకం, ఓపిక, అట్లా ఏదైనా మేడమ్, మీ చేతిలో బాగా వస్తుంది." వచ్చింది. ఒక గంటలో వచ్చింది. కష్టంలో ఉన్న ఇరుగింటి మనిషి అప్పజెప్పిన మొక్కకు రోజూ తెల్లవారుజామున చెంబెడు నీళ్లు పోశానని, ఊళ్లో చెట్లన్నీ బోడులై నిలబడితే అది ఒక్క ఆకూ రాల్చలేదని, నమ్మకమంటే రోజూ మెట్లెక్కడమేనని రాశాను. పదహారు మెట్లు అని లెక్క కూడా రాశాను. రాస్తూ రాస్తూ నిజంగా ఎక్కినట్టే అనిపించింది, మోకాళ్లు నొప్పి పుట్టినట్టే అనిపించింది. అందరూ ఫోన్లు చేశారు. ఎవరో పెద్దాయన ఏడ్చానన్నాడు. ఆ కాగితం లావణ్య తండ్రికి చదివి వినిపించింది. బుచ్చయ్య దాన్ని కత్తిరించి, పాల ప్యాకెట్ కవరు కడిగి ఆరబెట్టి అందులో పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు, గుండె వైపు. దేవుడి మాట ఆయన నమ్మీ నమ్మక ఊరుకునేవాడేమో, అచ్చులో వచ్చేసరికి ఇంక తిరుగులేదు. మొన్నటి ఆదివారం నుంచి దవాఖానకు రానంటున్నాడు.

సుశీలమ్మ నా వంటింటి గుమ్మం దగ్గర కూలబడింది మూడు రోజుల కిందట. "నేనే గద మహిమ అన్న. ఇప్పుడు మహిమ గాదని నా నోటితోని ఎట్ల అనాలె మైథిలమ్మా? అంటే అటు దేవునికి కోపం, అనకుంటే ఇటు మనిషి పోతడు. నువ్వు జెప్తే ఇంటడు. నువ్వు రాశినవు గద." ఉల్లిపాయలు తరుగుతున్నాను, అందువల్ల నా కళ్లనీళ్లకు జవాబు చెప్పుకోనక్కర్లేకపోయింది. కిందకు వెళ్లి బుచ్చయ్యకు చెప్పాను. ఏం చెప్పాను. "అన్నయ్యగారూ, దేవుడే ఆ డాక్టర్‌ని పెట్టాడనుకోండి." ఆయన జేబు తట్టి నవ్వాడు. "శివుడే ఆకు పట్టుకున్నడు, మళ్ల నడుమ డాక్టర్ ఎందుకు చెల్లె?" చెల్లె. ఇరవై రెండేళ్లలో ఈ గొడ్లలో ఏది ఈనినా మొదటి గిన్నె జున్ను పాలు మా ఇంటికి ఎక్కి వచ్చాయి. నేను సత్యం చెప్పకుండా చెప్పగలిగినవన్నీ చెప్పి మెట్లెక్కి వచ్చేశాను.

ఆరున్నర. మసీదులో అజాన్ ఎప్పుడో అయింది, కమాన్ దగ్గర పావురాలకు ఎవరో గింజలు చల్లినట్టున్నారు, గుంపు ఒక్కసారి లేచి మళ్లీ వాలింది. ఎవరింటి వేపపూతో గాలికి ఇక్కడిదాకా వస్తోంది. కాళ్ల కింద చల్లగా తగిలింది. నీళ్లు. పరబ్రహ్మం మోటారు ఆపడం మర్చిపోయాడు, ట్యాంకు నిండి పొంగి పొర్లుతోంది, రోజూ ఇదే వరస. "ఏవండీ, మోటారు!" అని అరిచాను. "ఆఁ ఆఁ," అన్నాడు లోపలి నుంచి, "కాఫీ చల్లారిపోతోంది, నువ్వు అక్కడేం చేస్తున్నావు పొద్దున్నుంచీ?" రోజూ మర్చిపోతాడు, రోజూ పొర్లుతుంది, రోజూ తిడతాను. నీళ్లు ట్యాంకు గోడ వెంట జారి వెనక్కి పోతున్నాయి. ఎటు పోతున్నాయో అప్పుడు తట్టింది. చెంబు దిమ్మ మీద పెట్టి లేచాను. ట్యాంకుకూ పిట్టగోడకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు. నెల రోజులు కూడా కాలేదు గాని ఏళ్లయినట్టుంది. పగిలిన బకెట్ అట్లాగే ఉంది. పై నుంచి జారిన నీళ్లు నేరుగా దాన్లోకి పడుతున్నాయి. పుల్ల అట్లాగే ఉంది, బూడిద రంగులో, ముళ్లతో, నేను కుక్కినప్పుడు ఎట్లా ఒరిగిందో అట్లా ఒరిగి. వేలు పెట్టాను, రెండో కణుపు దాకా తడి. బొటనవేలి గోరుతో గీకాను. గీకిన చోట పచ్చగా ఉంది. వంగి చూస్తే ఒక ముల్లు మొదట్లో, బియ్యపు గింజంత, ఎర్రగా, ఇంకా విచ్చుకోని చిగురు. దాని పైన ఇంకొకటి. అక్కడే చతికిలబడిపోయాను, నీళ్లు వీపు మీద పడుతున్నాయి. ఎవరూ మొక్కలేదు, ఎవరూ చెంబు పట్టుకుని మెట్లెక్కలేదు. మా ఆయన మతిమరుపు, దాని పట్టుదల. నేను ఇందులో ఎక్కడా లేను. లేనందుకే బతికిందేమో అనిపించింది.

తర్వాత ఏమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే మళ్లీ ఏదో ఒక మంచి మాట దొరుకుతుంది నాకు, దొరకడం నా వృత్తి. బకెట్ ఎత్తుకున్నాను, నడుం మీద పెట్టుకున్నాను, బురద చీరంతా కారింది. మెట్లు దిగుతుంటే పరబ్రహ్మం కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి, "ఏమిటే అది?" అన్నాడు. ఆగకుండా కిందికి దిగాను.

కొట్టంలో బుచ్చయ్య అనుకున్నట్టే క్యాను మీద కూర్చుని ఉన్నాడు, చిక్కిపోయాడు, చొక్కా భుజాల మీంచి జారుతోంది. సుశీలమ్మ చేతిలో తువ్వాలు, లావణ్య దగ్గర సర్దిన సంచి. బకెట్ ఆయన ముందు పెట్టాను. "అన్నయ్యగారూ, సుశీలమ్మ ఇచ్చిన మొక్క ఇది. పైన ఉన్నది నేను నర్సరీలో కొన్నది. మూడు రోజులే నీళ్లు పోశాను. ఆ తర్వాత పోయలేదు. ఆకులన్నీ రాలితే చచ్చిపోయిందనుకుని మార్చేశాను." ఇంత పొట్టి వాక్యాలు నేనెప్పుడూ రాయలేదు. గేదె ఒకటి తల విదిలించింది, మెడలో గొలుసు చప్పుడైంది. బుచ్చయ్య జేబులోంచి కవరు తీశాడు, కాగితం అందులోంచి తియ్యకుండానే నాకు చూపించాడు.

"మరి గిది?"

"అబద్ధం రాశాను."

"అచ్చుల వచ్చింది గద చెల్లె. అచ్చుల వచ్చింది సుత అబద్ధమైతదా?"

"అవుతుంది అన్నయ్యగారూ."

ఆయన కవరు మళ్లీ జేబులో పెట్టుకోలేదు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు. వంగి పుల్లను చూశాడు. నేను గీకిన చోటు చూశాడు, ఆ చిగురును వేలికొనతో తాకీ తాకనట్టు తాకాడు. "దీనికెవలు పోశిండ్రు నీళ్లు?" ఎవరూ పోయలేదని, ట్యాంకు పొర్లి పడ్డాయని చెప్పాను. "సారు మోటరు బంద్ జెయ్యడు గద," అన్నాడు, ఒక క్షణం నవ్వొచ్చినట్టే ఉంది, రాలేదు. ఆ తర్వాత, నాతోనో మొక్కతోనో, "చెట్టు మాట ఒట్టిదే. భయమైతుంది," అన్నాడు. "ఛాతి కోస్తరంట. ఎముక గూడ కోస్తరంట. మళ్ల కుడతరంట." ముప్పై తొమ్మిది రోజుల్లో ఆ మాట ఆయన నోట ఎవరూ విన్నట్టు లేదు, లావణ్య ముఖం చూస్తే తెలిసింది. సుశీలమ్మ తువ్వాలు ఆయన భుజం మీద వేసింది. "నాకు గాదా భయం? నేనెవలికి చెప్పుకున్న? లెవ్వు." చెయ్యి అందించింది. ఆయన పట్టుకోలేదు. తర్వాత పట్టుకున్నాడు.

మున్నా హారన్ కొట్టాడు గల్లీ మొదట్లోంచి, ఎండెక్కుతుందని తొందరపెడుతూ, "చాచా, ఆజావ్, ధూప్ చఢ్‌జాతీ," అని. బుచ్చయ్య స్నానం చెయ్యకుండానే చొక్కా గుండీలు పెట్టుకుని నడిచాడు, ఒక్కో గేదె వీపు మీద చెయ్యి వేసుకుంటూ. కాగితం ఉన్న కవరు క్యాను మీదే వదిలేశాడు. సుశీలమ్మ ఆ సేపంతా నా వైపు చూడలేదు. బకెట్ దగ్గర కూర్చుని కాండాన్ని కింది నుంచి పైదాకా తడిమింది, ముల్లు ముల్లూ తగిలేట్టు, గుడ్డివాళ్లు ముఖం తడిమినట్టు. "అంటే నా కండ్లు మంచిగనే ఉన్నయన్నట్టు," అన్నది. క్షమించమని అనబోయాను, ఆ మాట కూడా నాకు బాగా రాయడం వచ్చిన మాటే. బురద చేతులతో అట్లా నిలబడ్డాను. ఆమె లేచి సంచి అందుకుని వెళ్లిపోయింది.

ఆటో దాకా వెళ్లాను, దూరంగానే. బుచ్చయ్యను మధ్యలో కూర్చోబెట్టారు, లావణ్య ఒక పక్క, సుశీలమ్మ ఒక పక్క. ఆయన నన్ను చూసి తల ఊపాడు, ఏమని ఊపాడో తెలియలేదు. మున్నా హ్యాండిల్ లాగాడు, బండి అంటుకోలేదు, మళ్లీ లాగాడు. ఆ కాస్త సేపట్లో సుశీలమ్మ తల బయటికి పెట్టింది. ముఖం గట్టిగా ఉంది, ఇరవై రెండేళ్లలో ఆ ముఖం నాకెప్పుడూ చూపించలేదు.

"ఇయ్యాల పోశినవా నీళ్లు?"

పోశాను అన్న మాట నాలుక చివరకు వచ్చింది, అలవాటు కొద్దీ.

"లేదు. ఇంకా పోయలేదు."

"పో మరి. రెండిటికి పొయ్యి. గా కొన్న చెట్టు ఏం పాపం జేశింది." ఇంజను అంటుకుంది, గొంతు పెంచింది. "పొద్దుమీకి ఆరింటికి ఫోన్ జేస్త. అడుగుత."

ఆటో కమాన్ వైపు తిరిగింది. కొట్టంలోకి వచ్చి బకెట్ నడుం మీద పెట్టుకున్నాను. చెంబు పైనే ఉంది.